పాత ఇల్లు బేరమా? ఎర్తు చూశాకే బయానా ఇవ్వండి

ఊళ్లో పాత ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే మనవాళ్లు ముందుగా చూసేవి కొన్ని ఉంటాయి. వాసాలు టేకువా, మద్దివా? గుమ్మాలకు చెద పట్టిందా? పెంకు ఎన్నేళ్ల కిందట నేయించారు? ఈశాన్యం పెరిగిందా, తరిగిందా? నలుగురు పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని వీటి గురించి ఒక పూటంతా మాట్లాడతారు. కరెంటు సంగతి మాత్రం ఒక్క మాటతో తేలిపోతుంది. ‘కరెంటుందిగా’ అంటాడు అమ్మేవాడు. స్విచ్చి వేస్తే బల్బు వెలుగుతుంది. కొనేవాడు తలూపుతాడు.

బల్బు వెలగడం వేరు, ఇంట్లో కరెంటు బాగుండటం వేరు. వాస్తు చూసుకోవద్దని అనడం లేదు, ఎవరి నమ్మకం వారిది. కానీ పిల్లాపాపలతో కాపురం పెట్టే ఇంటికి ఎర్తు ఉందో లేదో అడగకుండా బయానా ఇవ్వడం తెలివైన పని కాదు.

ఇప్పుడు ఇలాంటి ఇళ్లు చాలానే బేరానికి వస్తున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడతారు. పెద్దవాళ్లు పోయాక తాళం పడిన ఇంటిని వచ్చినకాడికి అమ్మేస్తారు. ఎకరం, రెండెకరాలున్న రైతుకు కొత్త ఇల్లు కట్టడం తలకు మించిన భారం కాబట్టి అలాంటి ఇల్లు కలిసొచ్చినట్టే కనిపిస్తుంది. తప్పు లేదు. అయితే అక్కడే ఒక మాట వినిపిస్తుంది: ‘నలభై ఏళ్లు వాళ్లు బతికిన ఇల్లే కదా, ఇప్పుడేమొచ్చింది?’

వచ్చింది లోడు. ఆ నలభై ఏళ్లలో ఎక్కువ కాలం ఆ ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను తిరిగి ఉంటాయి. అన్నీ కలిపినా 200 వాట్లు, అంటే ఒక ఆంపియరు కూడా కాదు. మీరు చేరాక ఒక ఫ్రిజ్జు వస్తుంది, మిక్సీ వస్తుంది, ఇస్త్రీపెట్టె వస్తుంది, నీళ్ల ట్యాంకుకు అర హార్స్ పవరు మోటారు పెడతారు. పొద్దున పూట ఈ నాలుగూ ఒకేసారి వేశారనుకోండి, 10 ఆంపియర్లు దాటిపోతుంది. తీగ మాత్రం అప్పటిదే. ఒక మనిషి నడిచే గట్టు మీద ట్రాక్టరు తోలినట్టే.

ఇక ఎర్తు సంగతి. పాత ఇళ్లలో ఎక్కువగా లేనిది ఇదే, ప్రాణాలు పోయేదీ ఎక్కువగా ఇక్కడే. గ్రైండరు, ఫ్రిజ్జు, ఇనుప కూలరు, నీళ్ల మోటారు, వీటన్నిటికీ బయట లోహపు ఒళ్లు ఉంటుంది. లోపల తీగ ఒరుసుకుపోయి ఆ ఒంటికి తగిలితే 230 వోల్టులు అక్కడ కాపు కాసి ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కరెంటు నేలలోకి దిగి ఫ్యూజు కొట్టేస్తుంది. లేకపోతే తడి చేత్తో ముట్టుకున్న ఇల్లాలి ఒంటిలోంచి దిగుతుంది. ఎండాకాలం కూలరులో నీళ్లు పోస్తూ షాకు కొట్టి చనిపోయారనే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

మూడు రంధ్రాల ప్లగ్గు ఉంది కదా అని మోసపోకండి. పైన ఉండే పెద్ద రంధ్రం ఎర్తుది. మెయిన్ తీసేసి బోర్డు విప్పించి చూస్తే, చాలా ఇళ్లలో ఆ రంధ్రానికి అసలు తీగే ఉండదు! చూపుకు మాత్రమే మూడు రంధ్రాలు. తీగ ఉంటే అది ఎక్కడికి పోతోందో చివరిదాకా వెతకండి. పెరట్లో గుంత, అందులో పైపు కనబడాలి. కొన్నిచోట్ల ఆ తీగను గోడలో మేకుకు చుట్టి వదిలేస్తారు. దాన్ని ఎర్తు అనరు.

గుంత ఉన్నా పనిచేస్తుందో లేదో తెలియాలంటే వైర్‌మన్ ఒక పరీక్ష చేస్తాడు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల పాతరకం బల్బు పెడతాడు. మామూలుగా ఎంత వెలుగుతుందో అంతే వెలిగితే ఎర్తు ఒక మాదిరిగా ఉన్నట్టు. గుడ్డిదీపంలా మినుకుమంటే లేనట్టే లెక్క. ఈ పరీక్ష మీరు సొంతంగా చేయవద్దు. ఎర్తు చెడిపోయి ఉంటే ఆ కాసేపూ ఎర్తు తీగకు కలిసిన ప్రతి ఇనుప వస్తువుకూ కరెంటు వస్తుంది. తెలిసినవాడు, అందరినీ దూరంగా ఉంచి చేయాల్సిన పని అది.

బాగున్న ఎర్తును కూడా పూర్తిగా నమ్ముకోలేం. మే నెలలో నేల నెర్రెలు వారినప్పుడు ఫ్యూజు కొట్టేసేంత కరెంటు నేలలోకి దిగకపోవచ్చు. అందుకే గుంతను స్నానాల నీళ్లు పోయే చోటికి దగ్గరగా తీయించి, ఎనిమిది అడుగుల పైపు దించి, బొగ్గు, ఉప్పు వేయిస్తారు. వేసవిలో రెండు మూడు రోజులకొకసారి బిందెడు నీళ్లు పోయాలి. దీనితోపాటు మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకోండి. తీగల్లోంచి కరెంటు పక్కదారి పడితే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. బోరు మోటారు వైండింగు ఒకసారి కాలితే పెట్టే ఖర్చు కంటే దాని ధర తక్కువే. మోటారుకు వెనకాడకుండా పెడతాం, మనిషి దగ్గరకొచ్చేసరికి ఆలోచిస్తాం.

దీనికి పూర్తిగా తలకిందులైన అలవాటు ఒకటి మన ఊళ్లలో ఉంది. న్యూట్రల్ తీగ తెగిపోతేనో, సరిగా రాకపోతేనో, ఒక ఇనుప కడ్డీ నేలలో దిగ్గొట్టి దానితోనే దీపాలు వెలిగిస్తారు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు దీపాలు బాగానే వెలుగుతాయి, మీకేమీ తెలియదు. కానీ ఆ కడ్డీకి, దాని చుట్టూ నేలకు కరెంటు పాకుతూ ఉంటుంది. పశువుల కొట్టం ఆ పక్కనే ఉంటే మరీ ప్రమాదం. గేదె ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ ఎడం ఎక్కువ కాబట్టి, మనిషికి తెలియనంత కరెంటు కూడా దాన్ని పడగొట్టగలదు. వాన పడ్డ రోజున పశువు కట్టుకొయ్య దగ్గరకు రానని మొరాయిస్తోందంటే దాన్ని కొట్టకండి, ముందు నేలను అనుమానించండి.

పెరట్లో దండెం కూడా చూడండి. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు తీగకు ఆధారంగా ఒక ఇనుప తీగ కడతారు. పై తొడుగు ఎండకు పగిలిపోతే ఆ ఇనుప తీగకు కరెంటు తగులుతుంది. దానికి తడిబట్టలు ఆరేస్తే, లేదా దండెం తీగను దానికి తగిలేలా కడితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. సర్వీసు తీగ రేకుల మీదుగా ఒరుసుకుంటూ వస్తున్నా, మధ్యలో అతుకులున్నా మార్పించాల్సిందే. దండెం నైలాను తాడుతో కట్టుకోండి.

లోపలి తీగల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చెక్క పట్టీల మీద మేకులతో బిగించిన రబ్బరు తొడుగు తీగలైతే బేరంలో పరీక్ష కూడా వద్దు, మొత్తం మార్చాల్సినవే అనుకోండి. వంచితే తొడుగు పొడిపొడిగా రాలుతుంది. ధాన్యం బస్తాలు వేసిన గదిలో తీగలను ఎలుకలు కొరికి ఉంటాయి, అటక మీద దీపం వేసి చూడండి. పెంకు కారిన చోట గోడ తడిసి బోర్డులోకి నీళ్లు దిగిన మరక ఉంటుంది. అల్యూమినియం తీగలైతే అతుకుల దగ్గర నల్లగా మాడిందేమో చూడాలి. పింగాణీ ఫ్యూజు ఊడదీయించి చూస్తే ఆ ఇంటివాళ్ల చరిత్రంతా తెలుస్తుంది. అందులో సన్నటి ఫ్యూజు తీగకు బదులు లావు తీగ చుట్టి ఉంటే, లోపలెక్కడో తప్పుంది, దాన్ని వెతకలేక అలా చేశారన్నమాట. న్యూట్రల్‌కు కూడా విడిగా ఫ్యూజు ఉందేమో అడగండి. అది పోతే దీపాలు ఆరిపోతాయి, తీగల్లో కరెంటు మాత్రం అలాగే ఉంటుంది. లేదనుకుని చెయ్యి పెట్టేవాడి గతేమిటి?

ఎవరైనా చేయగలిగే పరీక్ష ఒకటుంది. మెయిన్ వేసి ఉంచి, ఇంట్లో ప్రతి స్విచ్చి తీసేయించి, ప్లగ్గులన్నీ పీకించి మీటరు ముందు పది నిమిషాలు నిలబడండి. ఎర్ర దీపం ఇంకా కొట్టుకుంటోందంటే కరెంటు ఎక్కడో కారిపోతోంది, లేదా పక్కింటివాళ్లు వాడుకుంటున్నారు. వైర్‌మన్ దగ్గర మెగ్గరు ఉంటే మరీ మంచిది. 500 వోల్టుల దగ్గర కనీసం ఒక మెగా ఓమ్ చూపించాలి. ఆ వైర్‌మన్‌ను మీరే తీసుకువెళ్లండి. అమ్మేవాడు పిలిపించినవాడు ‘ఏం ఫరవాలేదు’ అనే అంటాడు. లైన్‌మన్‌ను నిందించి కూడా లాభం లేదు, మీటరు దాటాక తీగలన్నీ ఇంటివాడి పూచీయే.

పరీక్ష చేయించడం భయపడటానికి కాదు, బేరానికి. తీగలు, ఎర్తు, ఆర్‌సీసీబీ, కూలీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకుని ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమని అడగండి. పగిలిన పెంకుకు తగ్గించేవాడు దీనికెందుకు తగ్గించడు? ఒప్పుకోకపోతే ఆ లెక్క మీ చేతిలోనే ఉంటుంది, కొనాలో వద్దో తేల్చుకోవచ్చు.

మీటరు ఎవరి పేరున ఉందో, బాకీ ఎంతో కూడా రిజిస్ట్రేషన్‌కు ముందే తెలుసుకోవాలి. బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరు తీసుకుని సెక్షన్ ఆఫీసులో అడగండి. పాత యజమాని బాకీ తీరిస్తేనే కనెక్షన్ ఇస్తామని నిబంధన పెట్టే అధికారం విద్యుత్ సంస్థలకు ఉందని 2023 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘అది వాళ్ల బాకీ’ అనే వాదన నిలవకపోవచ్చు. ఊరి చివర ఇల్లయితే ఇంకో సంగతి చూడండి. పక్క పొలంలో మోటారు సర్వీసు నుంచి ఇంటికి తీగ లాగి ఉండవచ్చు. వ్యవసాయ కనెక్షన్ మీద ఇల్లు నడపడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం అనధికార వాడకం, అపరాధ రుసుం పడుతుంది. అలాంటి ఇల్లయితే గృహ కనెక్షన్ కొత్తగా తీసుకునే ఖర్చు, స్తంభం దూరంగా ఉంటే లైను ఖర్చు కూడా ఆ కాగితం మీదే కలిపి రాయించండి.