64 కార్డులు, సున్నా చాప్టర్లు

నవల రాయాలనిపిస్తే మామూలు మనుషులు ఓ నోట్‌బుక్ కొంటారు. మన ఐటీ బ్యాచ్ మాత్రం ‘నవలకి బెస్ట్ యాప్ ఏది?’ అని వెతుకుతుంది. పోయిన ఏడాది జూన్‌లో నేనూ అదే చేశా. రెండు వారాలు వరసపెట్టి రివ్యూ వీడియోలు చూశా. ఆ రెండు వారాల్లో ఒక్క వాక్యం రాస్తే ఒట్టు.

కథ మాత్రం ఎప్పట్నుంచో మనసులో ఉంది. మా అవ్వ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం జలాశయం అడుగున ఉంది. 1981 వేసవిలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఖాళీ చేయించిన ఊళ్లలో అదొకటి. అవ్వ అప్పుడప్పుడూ చెప్పే ముక్కలన్నీ కలిపి నవల చేయాలని నా ఆశ.

వెతికి వెతికి స్క్రివెనర్ దగ్గర ఆగా. కీత్ బ్లౌంట్ అనే ఆయన నవల రాద్దామనుకుని, తనకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ దొరక్క, తనే ప్రోగ్రామింగ్ నేర్చుకుని దీన్ని తయారు చేశాడు. 2007లో మ్యాక్‌కి, ఆ తర్వాత విండోస్‌కి వచ్చింది. నవల రాద్దామని కూర్చున్న మనిషి సాఫ్ట్‌వేర్ రాసి లేచాడంటే, నాకు అక్కడే అనుమానం రావాల్సింది!

కానీ సరుకు మంచిదే. వర్డ్‌లో నవలంటే ఒకే పొడవాటి ఫైలు. మూడో చాప్టర్ని ఏడో చాప్టర్ తర్వాత పెట్టాలంటే కట్, పేస్ట్, కాస్త భయం. ఇందులో ఒక్కో సీనూ ఒక్కో చిన్న ఫైలు. ఎడమవైపు ‘బైండర్’లో అన్నీ వరసగా ఉంటాయి, మౌస్‌తో లాగి ఎక్కడికైనా జరపొచ్చు. ‘కార్క్‌బోర్డ్’ నొక్కితే ప్రతి సీనూ గోడకి గుచ్చిన కార్డులా కనిపిస్తుంది. తిరగరాసే ముందు ‘స్నాప్‌షాట్’ తీస్తే పాతది భద్రం. మన భాషలో కమిట్ అన్నమాట. చివర్లో ‘కంపైల్’ నొక్కితే ముక్కలన్నీ కలిసి పుస్తకం ఫైలవుతుంది. ట్రయల్ 30 రోజులు, అదీ తెరిచిన రోజులే లెక్క.

నేను ఆ 30 రోజులూ తెరిచా. ఏం చేశానంటారా? 64 కార్డులు చేశా. వాటికి రంగులేశా. అవ్వ కథ నీలం, ఊరి కథ ఆకుపచ్చ, ‘వివరాలు కావాలి’ అన్నవి పసుపు. పన్నెండో కార్డు పసుపు. దాని మీద రాసుకున్నది ఇదీ: ‘ఊరు ఖాళీ చేసిన రోజు. పెద్దవ్వని అడగాలి.’

పెద్దవ్వంటే అవ్వ వాళ్ల అక్క. ఆమెని అదే ఊళ్లో ఇచ్చారు. ఆ రోజంతా కళ్లారా చూసిన మనిషి.

మధ్యలో ఓ కామెడీ. హీరోయిన్ పేరు సీత నుంచి గీతకి మారుద్దామని నోట్స్ మొత్తానికి ‘రీప్లేస్ ఆల్’ కొట్టా. పెరట్లో గీతాఫలం చెట్టు మొలిచింది, దాని మీద గీతాకోకచిలుక వాలింది. సరే, ‘హోల్ వర్డ్’ పెడదామంటే సీతకి, సీతతో, సీతని... ఒక్కటీ పట్టుకోదు. తెలుగులో విభక్తి పేరుకే అతుక్కుంటుంది మరి. తెలుగులో రాసేవాళ్లు ఒక్కోటీ చూసి మార్చుకోవాల్సిందే.

ట్రయల్ అయిపోయింది, డబ్బు కట్టా. సంక్రాంతి సెలవుల్లో ఉత్సాహం ఆపుకోలేక కంపైల్ నొక్కా. పీడీఎఫ్ వచ్చింది. ప్రతి పేజీలో పైన సీన్ పేరు, కిందంతా తెల్ల కాగితం. బిల్డ్ సక్సెస్, ప్రొడక్ట్ లేదు.

ఫిబ్రవరిలో అమ్మ ఫోన్ చేసింది. పెద్దవ్వ పోయింది.

ఊరికి వెళ్లొచ్చాక ల్యాప్‌టాప్ తెరిచా. పన్నెండో కార్డు ఇంకా పసుపుగానే ఉంది. దాన్ని మూడుసార్లు అటూ ఇటూ జరిపా. ఒకసారి ఫాంట్ కూడా మార్చా. ఫోన్ మాత్రం చేయలేదు. ఆమె నంబర్ నా దగ్గర ఉండి కూడా.

ఆ ఆదివారం అవ్వకి ఫోన్ చేశా. ‘‘అవ్వా, ఊరు కూలగొట్టిన పొద్దు నువ్వు యాడున్నావు?’’

‘‘బండిలో పండుకోనుంటిరా. పురిటికి పుట్టింటికి వచ్చింటి. మీ చిన్నమామ పుట్టి ఇరవై దినాలు. పచ్చి బాలింతవి, లెయ్యొద్దనిరి. నేనేం సూడలే. ఇనబడింది, అంతే. సూసిందంతా అక్కనే.’’

‘‘ఏం వినబడింది?’’

కాసేపు ఏం మాట్లాడలేదు. ‘‘దూలాలు పడే సప్పుడు. మాయమ్మ రోలు కాడ కూకోని ఏడుస్తాండె. భూమిలో పాతిన రోలు గదా, ఎంత పెరికినా రాకపాయ. ఆడనే ఇడిసిపెట్టి వస్తిమి.’’

నా కార్డులో ప్లాన్ వేరే ఉంది. పోలీసులు, లారీలు, గుంపులు గుంపులుగా జనం... అచ్చం సినిమా. అదంతా తీసేశా. బండిలో పడుకున్న బాలింత, పక్కన పసిపిల్లాడు, బయట్నుంచి చప్పుళ్లు. ఆ రాత్రి ఫోన్‌లోనే టైప్ చేశా. 900 మాటలు. నా నవలలో మొదటి సీన్. పెద్దవ్వ చూసింది ఇక నాకు దొరకదు. ఆ లోటుని ఊహించి పూడ్చడం కంటే, కనబడని దాన్ని కనబడనట్టే రాయడం నిజమనిపించింది.

యాప్ వద్దని నేను చెప్పట్లేదు. ఇప్పుడూ రోజూ వాడుతున్నా. కాకపోతే కొన్ని నియమాలు పెట్టుకున్నా. పది సీన్లు రాశాకే కార్డులు, రంగులు. రోజువారీ మాటల లెక్క ఇంగ్లిష్‌వాళ్లది చూసి పెట్టుకోవద్దు. మనకి ‘చెప్పలేకపోయాను’ ఒక్క మాట, వాళ్లకి అది నాలుగైదు. స్క్రివెనర్ ఆండ్రాయిడ్‌కి లేదు కాబట్టి ఫోన్‌లో రాసేవాళ్లకి గూగుల్ డాక్స్ చాలు. సీన్ పేర్లకి హెడింగ్ స్టైల్ ఇస్తే అవుట్‌లైన్ అదే వస్తుంది. టైపింగ్ బద్ధకమైతే తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ పాత డాస్ కంప్యూటర్లో వర్డ్‌స్టార్ 4.0 మీద రాస్తానని 2014లో ఓ టీవీ షోలో చెప్పాడు. కాబట్టి యాప్ లేక రాయలేకపోతున్నానని మనం అనలేం.

ఆఖరి నియమం: మనిషిని అడగాల్సిన విషయానికి కార్డు చేయొద్దు. ఆ రోజే ఫోన్ చేయాలి.

ప్రస్తుతం నా 64 కార్డుల్లో తొమ్మిదింట్లో కథ ఉంది. ప్రతి ఆదివారం పదకొండింటికి అవ్వతో కాల్. మొన్న తనే ఎదురు అడిగింది, ‘‘రోలు గురించి రాస్తివా?’’ అని. రాశానవ్వా అన్నా.

మీ ఫోన్‌లోనూ అలాంటి నంబర్ ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారం కాలమ్ అయిపోయింది కదా, ఇప్పుడే నొక్కేయండి.