వాండాకు పిచ్చి పట్టించిందెవరు?

2022లో డాక్టర్ స్ట్రేంజ్ రెండో సినిమా తెలుగు డబ్బింగ్ చూసి, హాలు బయట చాయ్ తాగుతూ "పిల్లల మీద పిచ్చితో బంగారం లాంటి హీరోయిన్ విలనైపోయింది, పాపం" అని నిట్టూర్చారే, మీకోసమే ఇది రాస్తున్నాను. పాపమే. ఎవరి పాపం? ఆ పాపం వయసు అప్పటికే ముప్ఫై మూడేళ్లు. మీకు టికెట్ అమ్మినవాళ్లు ఆ సంగతి చెప్పలేదు. మీరూ అడగలేదు.

వాండా మాక్సిమాఫ్, అదే స్కార్లెట్ విచ్, 1964లో మార్వెల్ కామిక్స్‌లో పుట్టింది. స్టాన్ లీ, జాక్ కర్బీ ఎక్స్-మెన్ నాలుగో సంచికలో మాగ్నెటో ముఠాలో ఆమెను నిలబెట్టారు. పక్కన కవల సోదరుడు పియెత్రో. అతను మెరుపులా పరిగెత్తుతాడు, అది అందరికీ అర్థమవుతుంది. మరి ఈమె? చెయ్యి అలా తిప్పితే ఎదుటివాడికి ఏదో ఒక కీడు జరుగుతుంది. అంటే, పిల్లి ఎదురొచ్చినట్టన్నమాట! మగాడికి వేగం, ఆడదానికి అపశకునం. పేరులోనే మంత్రగత్తె అని తగిలించారు కానీ, ఆ మంత్రం నేర్పడానికి గురువును పెట్టాలని తట్టడానికి పదేళ్లు పట్టింది. 1974లో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ పుణ్యమా అని అగథా హార్క్‌నెస్ దగ్గర శిష్యరికం దొరికింది. 1975లో విజన్ అనే మరమనిషితో పెళ్లయింది. పెళ్లికి ముందే, 1973లో, మ్యూటెంట్ పిల్ల మరమనిషిని ప్రేమించడమేమిటని ఒంటికి బాంబులు కట్టుకుని వచ్చిన మూక కథ ఒకటి ఉంది. దాన్ని చదివితే పరువు హత్యల వార్తలు చదివే మనకు ఏ వివరణా అక్కర్లేదు.

ఇక తండ్రి. మీరు సిమ్ కార్డు మార్చినంత తేలిగ్గా ఆమెకు తండ్రిని మార్చారు. 1974లో విజ్జర్ అనే పాత హీరో, 1983కల్లా మాగ్నెటో, 2014 వచ్చేసరికి అతనూ కాదు. మధ్యలో పెంచిన రోమా దంపతులను మాత్రం అవసరమైనప్పుడు బయటికి తీసి, పని అయిపోగానే అటక మీద పడేశారు.

1986లో ఆమెకు కవలలు పుట్టారు, థామస్, విలియం. మూడేళ్లు తిరక్కుండానే జాన్ బర్న్ అనే రచయిత వచ్చాడు. ఇక్కడ కాస్త ఆగండి, కంగారుపడి పేజీ తిప్పకండి. ముందు మొగుణ్ణి ఎత్తుకెళ్లి ముక్కలు ముక్కలుగా విప్పించాడు. మళ్లీ బిగిస్తే, తెల్లగా పాలిపోయి, ప్రేమా గీమా లేని ఒట్టి యంత్రంగా లేచాడు. అతనికి మనసు తిరిగి రావాలంటే, మొదట ఆ మనసుకు మూలమైన సైమన్ విలియమ్స్ అనే వీరుడు తన మెదడు నమూనా ఇంకోసారి ఇవ్వాలి. ఆ పెద్దమనిషి ఇవ్వనన్నాడు. ఎందుకటా? వాండా మీద తనకూ మనసుందట! దాన్ని చూసి ఎవరూ పిచ్చి అనలేదు, గమనించండి. తర్వాత పిల్లల వంతు. వాళ్లు అసలు పిల్లలే కారు, మెఫిస్టో అనే సైతాను ఆత్మ తునకలు అని తేల్చారు. పసివాళ్లను ఒక విలన్‌కు చేతులుగా అతికించి బొమ్మ కూడా గీశారు. చివరికి తల్లి తట్టుకోలేదని, ఆమె మేలు కోసమేనని, అసలు పిల్లలున్నారన్న జ్ఞాపకాన్నే అగథా చేత తుడిపించేశారు.

ఆమె మేలు కోసం. ఈ మాట మీ ఇంట్లో ఎప్పుడూ వినలేదా?

పదిహేనేళ్లు ఆ తల్లి అలాగే నవ్వుతూ, ఎగురుతూ, లోకాన్ని కాపాడుతూ తిరిగింది. 2004లో బ్రయన్ మైకేల్ బెండిస్ అనే రచయితకు పాత అవెంజర్స్ జట్టును కూల్చి కొత్త దుకాణం తెరవాల్సిన పని పడింది. కూల్చడానికి పలుగు కావాలి కదా. వాండాను తీసుకున్నాడు. ఈతకొలను పక్కన తాగిన మైకంలో వాస్ప్ అనే తోటి వీరురాలు నోరుజారి పిల్లల మాట ఎత్తింది, ఈమెకు గతం గుర్తొచ్చి మతి తప్పింది, స్కాట్ లాంగ్, విజన్, హాకై చచ్చారు. అప్పుడు డాక్టర్ స్ట్రేంజ్ గారు దిగి, ఆమె నేర్చిన విద్య అనేదే అసలు లేదని కొట్టిపారేశారు. ఆ పిల్లలను ఎవరు తుడిచారని మాత్రం ఆ గదిలో ఒక్క వీరుడూ సిగ్గుపడలేదు.

2005లో హౌస్ ఆఫ్ ఎమ్ అనే కథ. ఆమెను చంపాలా వద్దా అని అవెంజర్స్, ఎక్స్-మెన్ రెండు జట్లూ కూర్చుని చర్చించాయి. భయపడిన పియెత్రో చెల్లెల్ని ఉసిగొల్పి లోకాన్నే మార్పించాడు. ఆలోచన అతనిది. ఆఖర్న మూడు మాటలు పలికి దాదాపు మ్యూటెంట్లందరి శక్తులూ ఊడగొట్టింది ఈమె. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ బస్తా మొత్తం ఒక్కదాని నెత్తినే కుమ్మరించారు.

"తప్పు చేసింది కదండీ, శిక్ష వద్దా?" అంటారు మీరు. సరే, తూకం వేద్దాం. మాగ్నెటో 1981లో జలాంతర్గామిని మనుషులతో సహా ముంచాడు. 1985లో ఎక్స్-మెన్ బడికి హెడ్మాస్టరయ్యాడు. 1993లో వుల్వరిన్ ఒంట్లోంచి లోహం పీకేశాడు. 2019లో మ్యూటెంట్ల క్రకోవా దీవి పాలకమండలిలో కుర్చీ వేయించుకున్నాడు. అదే దీవిలో వాండాకు దక్కిన బిరుదు దొంగవేషగత్తె అన్న అర్థం వచ్చే తిట్టు. ఆ మధ్యలో ఎలన్ హైన్‌బర్గ్ అనే రచయిత డాక్టర్ డూమ్ చెయ్యి కూడా ఉందని రాసి నేరం కొంత దించాడు, ఆ కవలలనూ వేరే జన్మలో తెచ్చి నిలబెట్టాడు. అయినా తిట్టు తిట్టుగానే మిగిలింది. మగాడి నేరం గతం, ఆడదాని నేరం ఇంటిపేరు.

మనమేం తక్కువ తిన్నామా? మాంత్రికుడంటే పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు దర్జా తలచుకుని మురిసిపోతాం. మంత్రగత్తె అంటే ఊరవతల రాళ్లదెబ్బలు తినే ముసలిది గుర్తొస్తుంది. తాను నియమం తప్పితే శత్రువు, అతను తప్పితే హీరో ఎలాగని ఆ డాక్టర్ స్ట్రేంజ్ సినిమాలో వాండాయే స్ట్రేంజ్‌ను మొహమ్మీద అడిగింది. మీరు అప్పుడు పాప్‌కార్న్ కోసం లేచారు.

కథే కదా, ఇంత రాద్ధాంతం దేనికి అంటారా? కథే అయితే ఆ మరమనిషి వల్ల కలిగిన పిల్లలు "అసలువాళ్లు కారు" అని అంత కచ్చగా రుజువు చేయడం ఎందుకు? కాగితం మీద పుట్టిన బిడ్డకు కూడా కులపత్రం అడిగే బుద్ధి అది.

సొంత నెలవారీ పుస్తకం ఇవ్వడానికి యాభై ఏళ్లు దాటాయి. అంతకుముందు 1994లో నాలుగు సంచికలు విదిలించారు, అంతే. 2023లో స్టీవ్ ఓర్లాండో కథకు సారా పికెల్లి బొమ్మలు వేస్తే, న్యూయార్క్ రాష్ట్రంలో లాట్‌కిల్ అనే చిన్న ఊళ్లో కొట్టు తెరిచింది వాండా. ఏ దిక్కూ లేనివాళ్లకు ఆ కొట్టులోకి తలుపు ఒకటి తెరుచుకుంటుంది. చదివాను, కడుపు నిండింది. కానీ నాకా మార్వెల్ కంపెనీ మీద దమ్మిడీ నమ్మకం లేదు. రేపు మళ్లీ ఏదైనా కూల్చాల్సి వస్తే ఆ కొట్టుకు నిప్పు పెట్టించేది కూడా ఆమె చేతే. అప్పుడు అదే హాలు బయట, అదే చాయ్ బండి దగ్గర కలుద్దాం. పిచ్చిదని ముందు ఎవరి నోట వస్తుందో వినడానికి నేను తప్పకుండా వస్తాను.