పట్టు లేకుంటే కూతేం చేస్తది?

సంపాదకులకు,

ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ ఓటములన్నీ రైడర్ పవన్ సెహ్రావత్ నెత్తిన రుద్దిన మీ వ్యాసం చదివాను. అన్యాయమండీ. 2023 వేలంలో అతణ్ని 2 కోట్ల 60 లక్షలకు పైగా పోసి కొన్నారు, ఆ సీజన్ 22 మ్యాచుల్లో గెలిచింది రెండే. నిజమే. కానీ ఔటైన రైడర్ తిరిగి కోర్టులోకి రావాలంటే మనవాళ్లు అవతలివాళ్లలో ఒకర్ని ఔట్ చేయాలి కదా! పట్టేవాళ్లు లేకపోతే ఎంతటి కూతగాడైనా బయట కూర్చోవాల్సిందే. మా ఊరి పిల్లలకైనా తెలుసు: మూలనున్నోడు చీలమండ పట్టినప్పుడు పక్కోడు మీదపడకపోతే కూతగాడు ఈడ్చుకుంటూ పోయి గీత ముడతాడు. అంతకుముందు రెండు సీజన్లు పవన్ లేడు, అప్పుడూ మనది ఆఖరి స్థానమే. ఇకనైనా కార్నర్‌లో ఎవరు నిలబడ్డారో కూడా రాయండి.

– ఒక కబడ్డీ అభిమాని, నార్కట్‌పల్లి