కరగిన నెత్తుటికి గడువు

నెత్తురు గడ్డకట్టుట యనిన మన వాడుకలో గాయము మానుటకు మొదటి మెట్టు. ఈ వారము నేను ప్రస్తావింపబూనిన గడ్డ వేఱు, అది అతిశైత్యముచే నేర్పడునది. గ్లిసరిన్ చేర్చిన యెఱ్ఱకణములు మంచుగా మాఱి తిరిగి కరగినను పగులకుండునని 1950లో ఆడ్రీ స్మిత్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞురాలు చూపినది మొదలు, మామూలు శీతలపేటికలో 42 దినములకు మించి నిలువరాని కణములు −80 డిగ్రీల చలిలో పదేండ్లును, అంతకు మించియు నిలుచుచున్నవి.

అయితే ఈ దీర్ఘాయువంతయు కరగించిన క్షణముననే హరించిపోవును. సంచిని 37 డిగ్రీల నీటిలో కరగించి, గ్లిసరిన్‌తో నిండిన కణములు రోగి నెత్తుటిలో పడి నీరు పీల్చి పగులకుండుటకై, మొదట 12 శాతము ఉప్పునీటితో, పిదప 1.6 శాతముతో, తుదకు గ్లూకోజు కలిపిన 0.9 శాతముతో ఓపికగా కడుగవలెను. కడిగిన నీరు ఎఱుపు విడిచి తేటపడువఱకు కన్నార్పక చూచుచుండవలెను. ఇంత శ్రమపడి సిద్ధపఱచిన సంచికి ప్రాతపద్ధతిలో గడువు 24 గంటలు మాత్రమే! కణముల దౌర్బల్యము కంటె మన భయమే దీనికి ప్రధాన కారణము: కడుగుటకై సంచి నోరు తెఱచినంతనే సూక్ష్మజీవులు చొరవచ్చును గదా.

సంచి తెఱవకయే కడుగు యంత్రము వచ్చిన పిదప, సిట్రేటు, ఫాస్ఫేటు, అడినిన్, గ్లూకోజు గల ద్రావణములో కణములను నిలిపి గడువును 14 దినములకు పెంచగలిగిరి. డచ్చి సైన్యము ఆఫ్ఘనిస్థానములోని తన వైద్యశాలకు మంచుగట్టిన నెత్తుటినే గొనిపోయినది. ఆ గడువును ఇంకను పొడిగింప పరిశోధకులు యత్నించుచున్నారు, మంచి పని. కాని మంచును, గ్లిసరిన్‌ను, ఉప్పునీటిని వరుసగా చవిచూచిన కణపుపొర దినదినము కొంత కారుచునే యుండును గనుక, ఎక్కించిన మఱునాటికి నూటికి 75 కణములైనను రోగి నాళములలో తిరుగుచుండవలెనను నియమమును సడలించి చీటీపై తేదీని పెంచుట మాత్రము నాకు సమ్మతము కాదు.

ఇంత ప్రయాస ఎవరికై యని అడుగుదురేమో. 1952లో బొంబాయి నగరములో డాక్టరు భెండే, ఆయన సహచరులు కనుగొన్న ‘బొంబాయి వర్గము’ వారికి ‘ఓ’ వర్గపు నెత్తురైనను సరిపడదు. దాత దొరకుటయే యరుదు గనుక, దొరకినప్పుడు గైకొని మంచులో దాచుకొనుటయే వారికి దిక్కు. అట్టి రోగికి శస్త్రచికిత్స నాటి యుదయముననే జ్వరము తగిలి ముహూర్తము మూడుదినములు వాయిదా పడినదనుకొందము: 24 గంటల గడువు గల సంచిని, పదేండ్లు కాపాడినదైనను, పారబోయవలసినదే, 14 దినముల గడువు గలది శీతలపేటికలో ఆతనికై వేచియుండును.

— అవలోకి