ఉత్తరపు మర్యాద

పలాస కార్ఖానాలలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీయు తల్లి పొద్దుననగా ఇల్లు విడిచినచో దీపాలవేళకు గాని తిరిగిరాదు. వజ్రపుకొత్తూరు, కవిటి ప్రాంతముల తండ్రులలో అనేకులు పనులకై దూరప్రాంతములకు వలసపోయినవారు. అట్టి యిండ్లలో చేతిఫోను బడికి పోవు పిల్లవాని పాలబడినది. బ్యాంకు సందేశమైనను, గ్యాసు బండవాడు అడుగు సంఖ్యయైనను నాయనమ్మకు చదివి చెప్పువాడు వాడే.

కనుక 'పిల్లల ఫోనును పెద్దలు కనిపెట్టి యుండవలెను' అను పట్టణపు హితోపదేశము ఉద్దానమున తలక్రిందులగుచున్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్లు నిండనివారి వివరములు గ్రహించుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనన్నది. అదియు సరిచూడదగినదై యుండవలెనన్నది. మంచిదే. కాని తల్లి ఫోనులో, తల్లి పేరిట, ఆ సమ్మతి మీటను నొక్కు వ్రేలు ఎవరిది?

బడి తప్పించుకొనుటకు వీలులేదు. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వము తన పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పాఠములు నింపిన ట్యాబులు పంచుట ఆరంభించినది. యంత్రము బడి నుండియే ఇంటికి వచ్చినపుడు దానితో మెలగు తీరును బడియే నేర్పవలెను గదా!

నేర్పుటకు తెలుగు గంటకంటె తగిన చోటు లేదు. రంగూనుకు పోయినవారి జాబులు ఈ తీరమునకు వచ్చిన దినములలో, అక్షరము రాని యింటివారు చదువు వచ్చిన పిల్లవానినే పిలిచెడివారు. వాడు ఒకరి జాబు మరియొకరి యింట చెప్పరాదు. తల్లి చెప్పని మాట తానై చేర్చరాదు. ఎవరు వ్రాసిరో, ఏ ఊరి ముద్ర యున్నదో చూచిన పిమ్మటనే 'ఉభయకుశలోపరి' అని అందుకొనవలెను. నేడు లేఖారచన మార్కుల కొరకు మిగిలినది. ఊరు, తేదీ, సంబోధన ఎందుకో అడుగువాడు లేడు.

అన్నిటికంటె కష్టమైన పాఠము వేరొకటి కలదు. పెద్దలు గద్దించి అడిగినచో 'అలాగేనండీ' యనుట మన పిల్లలకు ఉగ్గుపాలతో నేర్పిన వినయము. బ్యాంకు అధికారినని పలుకు గొంతు కోరునది ఆ వినయమునే. పెద్దరికము నటించువానికి ఓటీపీ చెప్పననుట అవిధేయత కాదని ఉపాధ్యాయుడే నోరార చెప్పవలెను.

మోసపోయిన పిల్లవానిని కొట్టుట మరింత మోసము. 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేసినచో సొమ్మును నిలుపు అవకాశము కొంత కలదు; దెబ్బలకు వెరచి వాడు దాచిన ప్రతి గంటయు దొంగకే లాభము. బాలిక చిత్రమును చూపి బెదిరించువాని విషయమునను ఇంతే. అచట 1098 కలదు, కాని మొదట ఇంట వినువారుండవలెను.

టెక్కలి, పలాస పాఠశాలలలో ఈ ఏట ఒక్క ప్రశ్న మార్చి చూడవచ్చును. సెలవు కోరుచు ప్రధానోపాధ్యాయునకు లేఖ వ్రాయుమనుటకు మారుగా ఇట్లడుగవలెను: 'బ్యాంకు పేరిట మీ నాయనమ్మకు ఒక సందేశము వచ్చినది. ప్రత్యుత్తరమిత్తువా, మానుదువా? ఏల?'