అపార్ట్‌మెంట్‌లో ఈవీ ఛార్జర్: కరెంటోళ్లు ఓకే అన్నా.. అసోసియేషన్ నో అంటే?

ఎలక్ట్రిక్ కారు కొనడం ఈజీ. దాన్ని రాత్రిపూట ఎక్కడ ఛార్జింగ్ పెట్టాలన్నదే ఇప్పుడు అసలు తలనొప్పి. ఉమ్మడి అనంతపురం జిల్లా విషయమే చూడండి. పెనుకొండ దగ్గరి కియా ప్లాంట్‌లో తయారైన కారెన్స్ క్లావిస్ ఈవీ 2025 జులైలో మార్కెట్లోకి వచ్చింది. ఎన్‌పీ కుంటలో ఎండతో, రామగిరి కొండల మీద గాలితో కరెంటు పుడుతోంది. అంటే కారూ ఇక్కడిదే, కరెంటూ ఇక్కడిదే. అయినా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒక్క ప్లగ్ పెట్టుకోవాలంటే పంచాయితీ తప్పడం లేదు.

హైదరాబాద్-బెంగళూరు హైవే మీదున్న పామిడి లాంటి ఊళ్లలో సొంతిల్లు ఉన్నవాళ్లకు ఈ బాధ పెద్దగా లేదు. ఇంటి మీటర్ నుంచే వైర్ లాక్కోవచ్చు. అదే కుటుంబంలో అనంతపురంలోనో, బెంగళూరులోనో ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు మాత్రం అసోసియేషన్ మీటింగ్ దాటితేనే ఛార్జింగ్.

రూల్ ఏం చెప్తోంది?

ఈవీ ఛార్జింగ్ అనేది కరెంటు అమ్మకం కాదు, అది ఒక సర్వీస్ అని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే తేల్చింది. అందుకు లైసెన్స్ అక్కర్లేదు. అదే ఏడాది డిసెంబర్ మార్గదర్శకాలు ఇళ్లు, ఆఫీసుల్లో సొంత ఛార్జింగ్‌కు అనుమతిచ్చాయి. 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించారు. ఈవీ కోసం విడిగా కనెక్షన్ అడిగే హక్కు దాంతో వచ్చింది. కొత్త కనెక్షన్ ఇవ్వడానికి గడువులూ తగ్గాయి: మెట్రో నగరాల్లో 3 రోజులు, మిగతా మున్సిపాలిటీల్లో 7, పల్లెల్లో 15.

మరి చిక్కు ఎక్కడ?

ఆ గడువు డిస్కమ్‌కే. అసోసియేషన్ ఇన్ని రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలని ఆ రూల్ చెప్పదు. మీటర్ బోర్డు నుంచి పార్కింగ్ దాకా వైర్ వెళ్లే గోడ, పైకప్పు అందరి ఉమ్మడి ఆస్తి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి స్థలాల మీద అందరికీ వాటా ఉంటుంది. అంటే కరెంటు అడగడం హక్కే. కానీ ఆ కరెంటు వచ్చే దారి మాత్రం పక్కింటోళ్ల చేతుల్లో ఉంది. ఫ్లాట్ ఓనర్ కాకుండా అద్దెకు ఉండేవాళ్లయితే ఆ మీటింగ్‌లో మాట కూడా ఉండదు.

భయం ఉత్తదేం కాదు

అసోసియేషన్ల భయాన్ని కొట్టిపారేయలేం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ రూబీ హోటల్ భవనంలో మంటలు రేగాయి. కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన లాడ్జి. ఆ ప్రమాదంలో 8 మంది చనిపోయారు. ఆ తర్వాత బ్యాటరీల భద్రతా ప్రమాణాలను 2022 డిసెంబర్ నుంచి దశలవారీగా కఠినం చేశారు. అయినా సరైన ఎర్తింగ్ లేకుండా, వాచ్‌మన్ రూమ్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగితే ప్రమాదం ప్రమాదమే. అనుమతి ఇవ్వకుండా నాన్చితే జరిగేదీ అదే. చాటుగా వైర్లు లాగుతారు.

ఇవాళ ఒకరు.. రేపు 20 మంది?

మీటింగుల్లో వినిపించే ఈ ప్రశ్న కరెక్టే. 20 ఫ్లాట్ల బిల్డింగ్‌లో అందరూ 7.2 కిలోవాట్ల ఛార్జర్లు పెట్టి ఒకేసారి ఆన్ చేస్తే 144 కిలోవాట్ల లోడ్. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. కానీ రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు కావాల్సింది దాదాపు 6 యూనిట్లే. 20 కార్లకు 120 యూనిట్లు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా సర్దితే సగటున 15 కిలోవాట్లు చాలు. 144 ఎక్కడ, 15 ఎక్కడ? వంతులవారీగా కరెంటు పంచే లోడ్ మేనేజ్‌మెంట్ పెట్టుకుంటే ఆ తేడా తెలుస్తుంది. ఎవరికి వాళ్లు విడివిడిగా వైర్లు లాక్కుంటే మాత్రం భయపడ్డదే జరుగుతుంది.

కాబట్టి మొదటి దరఖాస్తు నోటిమాటగా కాకుండా కాగితం మీద ఉండాలి. ఎన్ని కిలోవాట్లు, వైర్ ఏ దారిలో, ఏ మీటర్, ఎంసీబీ, ఆర్సీసీబీ, ఎర్తింగ్, ఖర్చు ఎవరిది.. అన్నీ రాయాలి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ సంతకం ఉంటే ఇంకా మంచిది. బిల్లు కామన్ మీటర్ మీద పడదని తేలితే సగం గొడవ అక్కడే ఆగుతుంది.

వేరే చోట్ల ఎలా?

మనోళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలోని కాలిఫోర్నియాలో దీనికి చట్టమే ఉంది. ఓనర్ దరఖాస్తు చేశాక 60 రోజుల్లోగా అసోసియేషన్ రాతపూర్వకంగా తిరస్కరించకపోతే, అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఖర్చు, బాధ్యత మాత్రం ఓనర్‌వే. ఢిల్లీ ప్రభుత్వం 2021లో సొంత ఛార్జర్లకు సింగిల్ విండో తెచ్చి, మొదటి 30 వేల ఛార్జింగ్ పాయింట్లకు 6 వేల రూపాయల వరకు సబ్సిడీ ప్రకటించింది.

హైవేల మీద ప్రతి 25 కిలోమీటర్లకు ఒక ఛార్జింగ్ స్టేషన్ ఉండాలని 2018లోనే లెక్క రాశారు. కానీ కారు ఎక్కువసేపు ఆగి ఉండేది హైవే మీద కాదు, ఇంటి కింద పార్కింగ్‌లో. డిస్కమ్‌కు పెట్టినట్టే అసోసియేషన్‌కూ ఒక గడువు, తిరస్కరిస్తే కారణం రాసివ్వాలన్న రూల్ ఉంటే చాలు. సబ్సిడీ కన్నా ముందు ఫ్లాట్ల వాళ్లకు కావాల్సింది ఆ ఒక్క కాగితమే.