శాస్త్రవాక్యము – న్యాయాధీశుని వ్యాఖ్యానము : మచిలీబందరు వ్యాజ్యముపై ఒక విమర్శ

రాజుకంటె ధర్మము బలవత్తరమనియు, దుర్బలుడు సైతము ధర్మబలముచే బలవంతుని నిలదీయగలడనియు బృహదారణ్యకోపనిషత్తు ప్రతిపాదించినది. నేటివారు చట్టబద్ధపాలన యని వ్యవహరించు భావమునకు ఇంతకంటె స్పష్టమైన నిరూపణము అక్కఱలేదు. అయితే శాసనము తనంత తాను మాటలాడదు. దానిచే మాటలాడించువాడు వ్యాఖ్యాత. వ్యాఖ్యాతకు నియమము లేనిచో శాసనముయొక్క పాలన వ్యాఖ్యాతయొక్క పాలనగా పరిణమించును. ఈ విషయమును పరీక్షించుటకు కృష్ణామండలమునందే ప్రసిద్ధమగు వ్యాజ్యమొకటి కలదు.

మచిలీబందరు కలెక్టరునకును కావలి వెంకట నారాయణప్పకును నడచిన ఆ వ్యాజ్యము లండనునందలి ప్రివీ కౌన్సిలువఱకును పోయి 1860, 1861 సంవత్సరములలో రెండు తీర్పులకు కారణమైనది. బ్రాహ్మణుడగు ఒక జమీందారు మరణానంతరము ఆస్తి అతని భార్యకు సంక్రమించినది. ఆమెయు గతించిన పిదప వారసులు లేరని సర్కారు ఆ ఆస్తిని గైకొన్నది. ఆమె చేసిన వ్యవహారములవలన తనకు హక్కు కలిగినదని ప్రతిపక్షి వాదించెను. బ్రాహ్మణుని ధనము రాజునకు చెందరాదని శాస్త్రము నిషేధించుచుండగా సర్కారునకు హక్కెక్కడిదనునది ఆ వాదమున ముఖ్యాంశము.

శాస్త్రమున ఈ నిషేధము లేకపోలేదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున, సర్వవిధ వారసుల అభావమున వేదవిదులగు బ్రాహ్మణులు ఆ ధనమునకు అర్హులనియు, బ్రాహ్మణద్రవ్యమును రాజు ఎన్నడును హరింపరాదనియు, ఇతర వర్ణములవారి ధనమును మాత్రము గ్రహింపవచ్చుననియు కలదు. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఉదాహరించిన నారదవచనము అట్టి ధనమును బ్రాహ్మణునకే ఈయవలయుననియు, ఈయని రాజు దోషి యగుననియు చెప్పుచున్నది.

ప్రివీ కౌన్సిలు ఈ వచనములను పరిశీలించియు, అంతకంటె మేలైన హక్కును నిరూపింపజాలని వానికి ఎదురుగా సర్కారు హక్కే నిలుచునని నిర్ణయించినది. ఈ నిర్ణయమునకు రెండు ఆధారములు కలవు. వానిని వేఱు చేసి చూడనిచో ప్రశంసయు నిందయు రెండును గుఱి తప్పును.

మొదటిది శాస్త్రార్థ విచారము. ఈయని రాజు దోషి యనుటచేతనే ఆ ధనము ముందుగా రాజుచేతికి వచ్చునని సిద్ధించుచున్నది. చేతిలో లేనిదానిని ఇమ్మనుట వ్యర్థము. మీమాంసకుల మార్గమున మనువచనమును నారదవచనమును ఏకవాక్యతతో సమన్వయించినను, రాజు ధర్మకర్తగా గ్రహించి యోగ్యునకు ఈయవలెనను అర్థమే తేలును. ఇంతవఱకు తీర్పు యుక్తియుక్తము. రెండవది, ఎవరికిని చెందని ఆస్తికి సార్వభౌమాధికారమే తుది యజమాని యను సాధారణ సూత్రము. ఇది వ్యాఖ్యానము కాదు, శాస్త్రమునకు వెలుపలినుండి తెచ్చిన ప్రమాణము. ఫలితమేమన, వాక్యమునందలి గ్రహణాంశము సర్కారునకు దక్కినది. దానాంశమును అమలుపఱచు ఆజ్ఞ మాత్రము తీర్పున లేదు. ఒకే వాక్యమున హక్కును విధిగాను, కర్తవ్యమును అర్థవాదముగాను గ్రహించుట ఏ వ్యాఖ్యానపద్ధతికిని సమ్మతము కాదు.

వర్ణభేదమును బట్టి ఆస్తినియమము మాఱుట నేటి రాజ్యాంగము ప్రతిష్ఠించిన సమానత్వమునకు విరుద్ధమని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆ మాట నిజము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 29వ సెక్షను వర్ణభేదము లేకయే వారసులు లేని ఆస్తిని ప్రభుత్వమునకు చెందజేసి, అందలి బాధ్యతలను కూడ ప్రభుత్వముపైననే మోపినది. అది మేలైన నియమమే. కాని దానిని శాసనసభ బహిరంగముగా చేసినది. పాత నియమమును మార్చుట శాసనకర్తకు చెల్లును. మార్చుచు, వ్యాఖ్యానించుచున్నామనుట న్యాయాధీశునకు చెల్లదు.

1861 నాటి రెండవ తీర్పున ప్రశంసార్హమైన యంశము కలదు. భర్తృధనమును విధవ అన్యాక్రాంతము చేయుటకు గల పరిమితులు వారసులున్నను లేకున్నను ఆ హక్కుతోనే పుట్టినవని అందు తేల్చిరి. కావున అవసరము లేక చేసిన విక్రయమును సర్కారు ప్రశ్నింపవచ్చును. శాస్త్రసమ్మతమగు అవసరమునకై చేసినదానికి సర్కారును బద్ధురాలే. అనగా వారసుని కంటె అధికమును సర్కారు పొందజాలదు. ఆంధ్రనాయక శతకమున దివిసీమవాసి కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్రమహావిష్ణువునే వ్యాజస్తుతితో నిలదీసెను. అట్టి సీమలో కలెక్టరు సామాన్యునివలె వాదిప్రతివాదుల నియమమునకు లోబడుట వింత గాదు.

విధవయొక్క ఆ పరిమితహక్కును 1956 చట్టము 14వ సెక్షను సంపూర్ణహక్కుగా మార్చినది. దీనిని వ్యాఖ్యానించు అవకాశము మరల ఒక తెలుగు వ్యాజ్యముననే కలిగినది. 1977లో సుప్రీంకోర్టు వడ్డెబోయిన తులసమ్మ వ్యాజ్యమున, విధవకు శాస్త్రసిద్ధమగు భరణహక్కు పూర్వమే కలదు గావున భరణార్థము లభించిన ఆస్తి, పత్రమున పరిమితులు వ్రాసియున్నను, ఆమెకు సంపూర్ణముగా చెందునని నిర్ణయించినది. ఆ సెక్షనున మొదటి యుపవిభాగము ఉత్సర్గము, రెండవది అపవాదము. అపవాదము ఉత్సర్గమును మ్రింగరాదను శాస్త్రన్యాయమే అచట ఫలించినది. ఇచట న్యాయమూర్తులు వెలుపలి సూత్రమును తేలేదు. చట్టముయొక్క ప్రయోజనమునుండియు, శాస్త్రమునందలి హక్కునుండియు అర్థమును గ్రహించిరి.

ఈ రెండు వ్యాఖ్యానములకు గల భేదము పాండిత్యలోపమువలననే కలిగినదనరాదు. అయినను 1864లో న్యాయస్థానములందలి పండితుల పదవులు రద్దయిన పిదప, కోల్‌బ్రూక్ మొదలగువారి అనువాదములే న్యాయాధీశులకు శాస్త్రమైనవి. విధి, నిషేధ, అర్థవాద భేదము అనువాదమున నిలుచుట దుష్కరము. 1905లో కిశోరీలాల్ సర్కార్ టాగోర్ న్యాయోపన్యాసములందు మీమాంసానియమములను హిందూధర్మశాస్త్రమునకు అన్వయించి చూపియుండియు, న్యాయకళాశాలలలో ఆ విద్యకు తగిన స్థానము లభింపలేదు.

కావున న్యాయవిద్యార్థులు మీమాంసను మూలముననే చదువవలయును. ప్రాచ్యకళాశాలలవారును తీర్పులను చదివి, అందు శాస్త్రవాక్యము ఎట్లు ప్రయుక్తమైనదో పరీక్షింపవలయును. అట్టి పరీక్షకు మచిలీబందరు వ్యాజ్యమునందలి రెండు తీర్పులును ప్రథమపాఠముగా స్వీకరింపదగినవి.